ఆ కార్బనే దానికి నూనె: కురిచేడు మిక్సీ నుంచి నానోట్యూబ్ పూత దాకా

ఈ ఎపిసోడ్ మా ఊళ్ళోనే, కురిచేడులోనే తీశాం. వెనకాల వినపడే సౌండు గూడ్సు బండిది. ఎడిటింగ్‌లో తీసేద్దామనుకున్నా, తర్వాత ఉంచేశా. ఎందుకంటే ఈరోజు టాపిక్‌లో సగం ఆ బండి నెత్తి మీదే ఉంది.

ముందు ఒక మిక్సీ సంగతి చెప్తా. మా నాయనకి ఇక్కడ మోటార్ వైండింగ్ షాపు. షాపు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల గది, ముందొక బల్ల, గోడకి రాగి తీగ చుట్టలు. బోరు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు ఏదొచ్చినా చేస్తాడు. మిరప తోటలకి నీళ్ళు కావాల్సిన టైంలో రాత్రి పదింటికి కూడా ట్రాక్టర్లో మోటార్లు దిగుతుంటాయి. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఆయన సామాను కోసం వినుకొండ వెళ్ళాడు. షాపులో నేనొక్కడినే. టిఫిన్ బండి పెట్టుకునే ఒక పిన్ని మిక్సీ పట్టుకొచ్చింది. "అబ్బయ్యా, తిప్పితే నిప్పురవ్వలొస్తన్నయ్యి. పొద్దున్నే చట్నీ పట్టాల, కాస్త చూడు" అంది.

నాకు అప్పటికే నేను పెద్ద మెకానిక్‌ని అనే ఫీలింగ్. విప్పా. లోపల తిరిగే ఆర్మేచర్, దాని చివర రాగి పలకలు వరసగా పేర్చిన గుండ్రటి కమ్యుటేటర్, దాని మీద రెండు వైపులా స్ప్రింగులతో ఒత్తుకుని నల్లటి ముక్కలు రెండు. వాటినే మేం కార్బన్లు అంటాం. కార్బన్ బ్రష్షులు. బ్రష్ అంటే వెంట్రుకలేం ఉండవు, సుద్దముక్క సైజులో నల్లటి కడ్డీ అంతే. రాగి మీద ఒరుసుకుంటున్నాయి, రవ్వలొస్తున్నాయి. నా బుర్రకి తట్టింది ఒకటే: ఒరుసుకునే చోట నూనె వెయ్యాలి కదా! సైకిల్ చైనుకి వేస్తాం, తలుపు బందుకి వేస్తాం, దీనికి ఎవరూ ఎందుకు వెయ్యలేదు? అమ్మ కుట్టుమిషను నూనె డబ్బా తెచ్చి నాలుగు చుక్కలు వేశా. తిప్పితే మొదట్లో సౌండు తగ్గింది కూడా. ఇరవై రూపాయలు తీసుకుని పంపించేశా.

పొద్దున ఏడింటికి ఆమె మిక్సీ చంకలో పెట్టుకుని వచ్చేసింది. ఐదింటికి పచ్చిశనగపప్పు వేసి తిప్పితే పొగొచ్చి ఆగిపోయిందట. ఆ రోజు బండి పెట్టలేదు. పిండి అంతా ఉంది, చట్నీ లేదు. ఆమె నన్ను తిట్టలేదు, అదే ఇబ్బంది. మా నాయన విప్పి చూసి, పాత మిక్సీలోంచి ఆర్మేచర్ ఒకటి తీసి తన ఖర్చుతోనే వేసిచ్చాడు. ఆమె వెళ్ళాక నా వైపు చూసి ఒకటే మాట అన్నాడు. "ఒరే, ఆ కార్బనే దానికి నూనె."

నాకు అప్పుడు అర్థం కాలేదు. బీటెక్‌లో కూడా అర్థం కాలేదు, ఎందుకంటే నాది కంప్యూటర్ సైన్స్. ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాక, నానోట్యూబ్ పూతల గురించి చదువుతున్నప్పుడు ఒక రాత్రి ఠక్కున వెలిగింది. ఆయన ఆరు పదాల్లో చెప్పినదాన్ని పరిశోధకులు పేపర్ల మీద పేపర్లు రాస్తున్నారు... సారీ, ఆరు కాదు, నాలుగే పదాలు.

సరే, నేను వేసిన నూనె ఏం చేసింది? నూనెలో నుంచి కరెంటు పోదు. మామూలు గ్రీజులో నుంచీ పోదు. కార్బన్‌కీ రాగికీ మధ్య పల్చటి నూనె పొర చేరితే కరెంటు దాన్ని దూకాలి, దూకితే ఇంకా పెద్ద రవ్వలు. ఆ వేడికి నూనె జిగురుగా మాడుతుంది. కార్బన్ నుంచి రాలే నల్లపొడి ఆ జిగురుకి పట్టి ముద్దలా తయారై రాగి పలకల మధ్య సందుల్లో కూరుకుపోతుంది. ఆ సందులు ఉన్నదే ఒక పలక నుంచి పక్క పలకకి కరెంటు పోకుండా. అవి నిండితే షార్టు. ఆర్మేచర్ పోయింది.

అసలు చిక్కు ఇదే. రెండు వస్తువులు ఒరుసుకోవాలి, అరగకూడదు, వాటి మధ్య కరెంటు కూడా పోవాలి. జారుడు పదార్థాలకి లోటు లేదు. నూనె, గ్రీజు, నాన్‌స్టిక్ పెనం మీద ఉండే టెఫ్లాన్, ఇవన్నీ జారతాయి, కానీ కరెంటుకి అడ్డం. మాలిబ్డినం డైసల్ఫైడ్ అని ఒక నల్లపొడి ఉంది. బ్రహ్మాండంగా జారుతుంది, కానీ అది సెమీకండక్టర్, కరెంటుని ధారాళంగా పోనివ్వదు. రాగి, అల్యూమినియం కరెంటుని పోనిస్తాయి, కానీ లోహం మీద లోహం ఒరిస్తే రెండూ పట్టుకుని గీరుకుంటాయి. రెండు పనులూ ఒకేసారి చేసేవి బాగా తక్కువ. వాటిలో అందరికీ అందుబాటులో ఉన్నది కార్బన్, అంటే గ్రాఫైట్. మీ పెన్సిల్ ములుకులో ఉండేది అదే. తాళం పట్టేస్తే పెన్సిల్ గీకి ఆ పొడి వేస్తారు చూడండి, అదీ ఇదే పని.

ఇప్పుడు స్టేషన్‌కి రండి. నల్లపాడు నుంచి నంద్యాల వైపు పోయే లైను ఇది. మా తాతల కాలంలో మీటర్ గేజి, తర్వాత బ్రాడ్ గేజి అయింది. నేను బీటెక్ సెలవులకి వచ్చినప్పుడు కరెంటు స్తంభాలు పాతుతుంటే చూశా. ఇప్పుడు పైనున్న తీగలో 25 వేల వోల్టులు. ఇంజను నెత్తి మీద మడతలు పడే చట్రం ఉంది కదా, పాంటోగ్రాఫ్, అది స్ప్రింగులాగా ఏడు కిలోల బరువంత ఒత్తిడితో తీగకి కింద నుంచి ఆనుకుని ఉంటుంది. ఆనుకునే చోట ఉండేది కార్బన్ పట్టీ. ఒకప్పుడు మన రైల్వేలో ఉక్కు పట్టీలు వేసి పైన గ్రాఫైట్ గ్రీజు పూసేవాళ్ళు. ఇప్పుడు లోహం కలిపిన కార్బన్ పట్టీలు.

చిన్న లెక్క వేద్దాం. పెద్ద ప్యాసింజర్ ఇంజను 6 వేల హార్స్ పవర్ అనుకోండి. అంటే సుమారు 45 లక్షల వాట్లు. 25 వేలతో భాగిస్తే 180 ఆంపియర్లు. మీ ఇంట్లో మిక్సీ తీసుకునేది మూడు. 180 ఆంపియర్లు ఒక నల్లటి పట్టీ గుండా, అది కూడా గంటకి 100 కిలోమీటర్లతో జారుతూ! సెకనుకి 28 మీటర్ల తీగ దాని మీద గీరుకుంటూ పోతుంది. ఒక్క చుక్క నూనె లేదు.

ఇంకొకటి చూడండి, ఇది నాకు భలే నచ్చింది. ప్లాట్‌ఫారం చివర నిలబడి లైను వెంబడి పైకి చూస్తే ఆ తీగ తిన్నగా ఉండదు. ఒక స్తంభం దగ్గర మధ్యగీత నుంచి 200 మిల్లీమీటర్లు ఎడమకి, తర్వాతి స్తంభం దగ్గర 200 కుడికి. కావాలనే అట్ట కడతారు. తిన్నగా కడితే తీగ పట్టీ మీద ఒకే చోట గీరి గాడి పడుద్ది. వంకరగా కడితే పట్టీ మొత్తం సమానంగా అరుగుద్ది. అరిగేది పట్టీ కావాలి, తీగ కాకూడదు. పట్టీని షెడ్డులో మార్చొచ్చు, తీగ మార్చాలంటే లైను ఆపాలి.

ప్లాట్‌ఫారం మీద నుంచే చూడండి. రీలు కోసమని ఆగి ఉన్న బోగీ ఎక్కొద్దు. 25 వేల వోల్టులకి మీరు తీగని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికెళితే చాలు, అదే మీ మీదకి దూకుద్ది.

ఇప్పుడు గ్రాఫైట్ ఎందుకు జారుతుంది? మా పక్కనే మార్కాపురం. మీలో చాలామంది అ, ఆలు దిద్దిన పలక అక్కడి రాయే అయ్యుంటుంది. క్వారీలో ఆ రాయిని ఉలి పెట్టి కొడితే పుస్తకం తెరిచినట్టు పొరలుగా విడిపోతుంది. గ్రాఫైట్ కూడా పొరలే, కాకపోతే ఒక్కో పొర మందం ఒక్క అణువు. పొర లోపల కార్బన్ అణువులు తేనెపట్టు గదుల్లాగా గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. ఒక పొరకీ ఇంకో పొరకీ మధ్య మాత్రం పట్టు చాలా బలహీనం. కరెంటు పొర వెంబడి పరిగెడుతుంది. పొర మీద పొర పేకముక్కల్లాగా జారుతుంది. పలకతో పోలిక చీలడం వరకే సుమా. పలక రాయి చీలుద్ది గానీ జారదు, దానిలో ఇసుక లాంటి గట్టి రేణువులుంటాయి. ఆ రేణువుల సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

గ్రాఫైట్ వాడగా వాడగా దాని పొరలు కొన్ని రాగికి అంటుకుంటాయి. కమ్యుటేటర్ మీద ముదురు గోధుమ రంగు పొర ఒకటి ఏర్పడుతుంది, రాగి తుప్పు, గ్రాఫైట్ కలిసింది. నేను దాన్ని మురికనుకుని ఎమిరీ పేపరుతో గీకబోతే మా నాయన చెయ్యి పట్టుకున్నాడు. "ఆ చాక్లెట్ రంగు తియ్యబాకు. అది పడిందాకే కష్టం, పడ్డాక దానంతట అదే నడుస్తది" అన్నాడు.

ఇదంతా వింటే గ్రాఫైట్ ఉండగా ఇంకేం కావాలి అనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం దాకా అందరూ అదే అనుకున్నారు. మాకు ఇటు పక్కన దొనకొండలో బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఒకటి పాడుబడి ఉంది, అది చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఆ యుద్ధంలో విమానాలు అంతకుముందు కంటే చాలా ఎత్తులో ఎగరడం మొదలుపెట్టాయి. ఎత్తుకి వెళ్ళగానే జనరేటర్లలో కార్బన్ బ్రష్షులు గంటల్లో పొడి పొడి అయిపోయేవి. కింద నెలల తరబడి పనిచేసినవే! జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రాబర్ట్ శావేజ్ అనే ఆయన దీని మీద కూర్చుని 1948లో పేపరు వేశాడు. కారణం నీటి ఆవిరి. మనం పీల్చే గాలిలో ఉండే తేమ గ్రాఫైట్ పొరల అంచులకి పట్టుకుని ఉంటుంది. ఆ అంచుల్లో అణువులకి ఖాళీ చేతులుంటాయి, ఎదురుగా ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాయి. తేమ వచ్చి ఆ చేతుల్ని నింపేస్తుంది కాబట్టి పొరలు జారతాయి. పై ఎత్తున గాలి పొడి, తేమ లేదు, అంచులు పట్టేసుకుని గ్రాఫైట్ తనని తానే చీల్చుకుంది. అంటే గ్రాఫైట్ జారుడు దాని ఒక్కదాని గొప్పే కాదు, గాలిలో తేమది కూడా.

ఇది అంతరిక్షంలో ఇంకా పెద్ద తలనొప్పి. శ్రీహరికోట నుంచి మనం పంపే ఉపగ్రహాల సోలార్ ప్యానెళ్ళు సూర్యుడి వైపు తిరుగుతూ ఉండాలి. తిరిగే ప్యానెల్ నుంచి కరెంటు ఉపగ్రహం లోపలికి రావాలంటే మళ్ళీ ఒరుసుకునే చోటే, స్లిప్ రింగ్ అంటారు. అక్కడ శూన్యం. మామూలు నూనె వేస్తే ఆవిరైపోయి కెమెరా లెన్సుల మీద పేరుకోవచ్చు. ఒట్టి గ్రాఫైట్ తేమ లేక గీరుకుంటుంది. అందుకని ఇలాంటి చోట్ల వెండి, మాలిబ్డినం డైసల్ఫైడ్, గ్రాఫైట్ కలిపి నొక్కిన బ్రష్షులు వాడతారు. కరెంటుకి వెండి, జారడానికి రెండోది. పనిచేస్తాయి, కానీ అది రెండిటి మధ్య రాజీ.

ఇక్కడికి నానోట్యూబ్ వస్తుంది. గ్రాఫైట్ ఒక్క పొరని తీసుకుని చాప చుట్టినట్టు చుట్టండి. ఒక గొట్టం. అడ్డకొలత ఒకటి నుంచి కొన్ని పదుల నానోమీటర్లు. మన వెంట్రుక సుమారు 80 వేల నానోమీటర్లు, అంటే 10 నానోమీటర్ల గొట్టాలు ఎనిమిది వేలు పక్కపక్కన పేరిస్తే ఒక వెంట్రుక. చుట్టలో చుట్ట, దానిలో ఇంకో చుట్ట ఉంటే మల్టీవాల్ నానోట్యూబ్. 1991లో జపాన్‌లో ఎన్‌ఈసీ కంపెనీలో సుమియో ఈజిమా వీటి గురించి నేచర్ పత్రికలో రాశాకే ప్రపంచం వీటి వెంట పడింది. అంతకుముందే 1952లో రష్యన్లు ఇలాంటి గొట్టాల ఫోటోలు అచ్చువేశారు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

చుట్టాక ఏం మారింది? గ్రాఫైట్‌కి తంటా తెచ్చిపెట్టిన ఆ అంచులు గొట్టం పక్కల ఉండవు. పొర తనతో తానే అతుక్కుంది. 2000లో బర్కిలీలో కమింగ్స్, జెటిల్ అనే ఇద్దరు ఒక మల్టీవాల్ గొట్టం చివర విప్పి, లోపలి చుట్టని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద బయటికి లాగారు. టెలిస్కోపు గొట్టాల్లాగా జారుతూ వచ్చింది. వదిలేస్తే తనంతట తానే లోపలికి వెళ్ళిపోయింది. అరుగుదల కనపడలేదు. కరెంటు విషయానికొస్తే, గొట్టాన్ని ఏ కోణంలో చుట్టారన్న దాన్నిబట్టి కొన్ని లోహంలాగా, కొన్ని సెమీకండక్టర్‌లాగా ఉంటాయి. మల్టీవాల్‌లో ఏదో ఒక చుట్ట లోహం టైపే అవుతుంది కాబట్టి కరెంటుకి ఇబ్బంది లేదు.

అయితే ఒక్క గొట్టం జారినంత మాత్రాన పూత జారదు. ఇక్కడే చాలా వీడియోలు మనకి అబద్ధం చెప్తాయి. 2005లో అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు, ఇంకొందరు కలిసి ఒక పరీక్ష చేశారు. ఒక పలక మీద నానోట్యూబులు నిలువుగా, జొన్న చేనులాగా నిలబెట్టి పెంచారు. ఇంకోదాని మీద అడ్డంగా పడుకోబెట్టారు. నిలబడ్డ వాటి మీద ఘర్షణ గుణకం 0.8 దగ్గర. అంటే పది కిలోల బరువుని జరపాలంటే ఎనిమిది కిలోల తోపు. పడుకున్న వాటి మీద 0.1 లోపు, ఒక కిలో కూడా అక్కర్లేదు. అదే పదార్థం! నిలబడితే బ్రేకు, పడుకుంటే నూనె. చేలో నడిచిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. నిలబడ్డ జొన్నలో నడవలేం, కోసి పడేసిన చొప్ప మీద కాలు జారుద్ది.

ఇంకా చిక్కులున్నాయి. ఒక గొట్టం లోపల కరెంటు హాయిగా పోతుంది, కానీ ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి దూకేటప్పుడు అడ్డు పడుతుంది. పూతలో కోట్ల గొట్టాలు, అన్ని దూకుళ్ళు. అన్నిటికన్నా పెద్దది, పూత లోహానికి పట్టి ఉండాలి. ఊడితే ఏమవుద్దో నాసా గెలీలియో నౌక చూపించింది. 1989లో బృహస్పతికి పంపారు. 1991 ఏప్రిల్‌లో దాని పెద్ద యాంటెన్నాని గొడుగులాగా తెరవబోతే కొన్ని ఊచలు విడలేదు. అంతకుముందు దాన్ని కాలిఫోర్నియాకీ ఫ్లోరిడాకీ మధ్య లారీలో అటూ ఇటూ తిప్పారు. ఆ కుదుపులకి ఊచల పిన్నుల మీద ఉన్న పొడి పూత రాసుకుపోయిందని తేల్చారు. అది నానోట్యూబ్ కాదు, మాలిబ్డినం డైసల్ఫైడ్ పూత. కానీ ఏ పొడి పూతకైనా భయం అదే. నూనె అయితే పక్క నుంచి వచ్చి మళ్ళీ నిండుద్ది. పూత పోయిన చోట ఇక పోయినట్టే.

మరి ఎందుకింత కష్టపడుతున్నారు అంటే, ఎలక్ట్రిక్ బళ్ళు. మీ ఈవీ మోటార్లో కార్బన్లు ఉండవు, నిజమే. కానీ దాన్ని నడిపే ఇన్వర్టర్ వల్ల షాఫ్టులో వోల్టేజీ పుడుతుంది. అది బేరింగ్ గుండా బాడీలోకి పోవాలని చూస్తుంది. బేరింగ్‌లో గ్రీజు అడ్డం. ఒక హద్దు దాకా ఆగి, తర్వాత గ్రీజుని చీల్చుకుని చిన్న రవ్వ. సెకనుకి వేల సార్లు. బేరింగ్ లోపల చిన్న చిన్న గుంటలు పడి మోటారు మూలగడం మొదలెడుతుంది. జారుతూనే కరెంటుని నెమ్మదిగా పోనిచ్చే పదార్థం దొరికితే ఆ రవ్వే పుట్టదు. అందుకే ఇప్పుడు దీని మీద ఇంత పని. మన దగ్గర హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధనా సంస్థ ఉంది, అందులో కార్బన్ పదార్థాలకి విడిగా ఒక సెంటరే ఉంది. ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ పేరు గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, నానోట్యూబులు మీకు దూరంవి కావు. లిథియం బ్యాటరీల్లో కరెంటు బాగా పోవడానికి వీటిని కలుపుతున్నారు. ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న ఫోన్లో కూడా ఉండొచ్చు.

ఇప్పుడు ఆ రేణువుల సంగతి. మా పెదనాయన మార్కాపురం దగ్గర పలకల పనికి వెళ్ళేవాడు, రాయి కోసే మిషను దగ్గర. మూతికి తువ్వాలు తప్ప ఇంకేం లేదు. ఇంటికొస్తే కనురెప్పలు కూడా బూడిద రంగులో ఉండేవి, మేం పిల్లలం నవ్వేవాళ్ళం. నలభై దాటాక దగ్గు పట్టుకుంది, మెట్లెక్కలేకపోయాడు. రాతి పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లోకి వెళితే బయటికి రాదు. సిలికోసిస్ అంటారు. దానికి మందు లేదు. ఆయన పోయినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నా.

కాబట్టి నానోట్యూబుల గురించి చదువుతున్నప్పుడు నేను మొదట వెతికింది, పొడి పీలిస్తే ఏమవుద్ది అని. 2008లో ఎడిన్‌బరో పరిశోధకులు ఎలుకల మీద చేసిన పరీక్షలో పొడుగ్గా, బిర్రుగా ఉండే మల్టీవాల్ గొట్టాలు ఆస్‌బెస్టాస్ నారల్లాంటి వాపునే తెచ్చాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఒక రకం మల్టీవాల్ గొట్టాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. మిగతా రకాలకి తేల్చడానికి ఆధారాలు చాలవంది. పొట్టివి, చిక్కుబడి ఉండేవి వేరుగా ప్రవర్తిస్తాయి. పూతగా గట్టిపడి, బ్యాటరీలో సీలు వేసి ఉంటే మనకి వచ్చిన భయం లేదు. భయం దాన్ని తయారు చేసేవాళ్ళకి, స్ప్రే కొట్టేవాళ్ళకి, అరిగినప్పుడు దులిపేవాళ్ళకి. అంటే మళ్ళీ మా పెదనాయన లాంటి వాళ్ళకే.

అందుకే మీరు నాకు పంపే ఆ "నానో కార్బన్ స్ప్రే, బైకు చైనుకి కొట్టండి, మైలేజీ డబుల్" వీడియోలకి నా జవాబు ఒకటే. డబ్బా మీద ఏముందో రాసి ఉందా? నేను ఒకటి కొన్నా, రాసి లేదు. నిజంగా నానోట్యూబులే ఉంటే గదిలో స్ప్రే కొట్టకూడదు. లేకపోతే డబ్బులు దండగ. చైనుకి చైను నూనె చాలు, దాంట్లో నుంచి కరెంటు పోవాల్సిన పనేం లేదు కదా!

నిన్న సాయంత్రం మా నాయనకి ల్యాప్‌టాప్‌లో నానోట్యూబుల ఫోటో చూపించా. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇవి కార్బన్లే కదా" అన్నాడు. అవునన్నా. "పడుకోబెట్టాలన్నావు, మరి తిరిగేకొద్దీ లేచి నిలబడవా?" అన్నాడు. నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. వెతికి చూశా. నిలబడ్డవి కూడా ఒత్తిడికి వంగి పడుకుంటాయి, నలిగి గ్రాఫైట్ లాంటి పొరగా ఎదుటి లోహానికి అంటుకుంటాయి అని చాలా పరీక్షల్లో కనపడిందట. చెప్పా. "అంటే ఆ చాక్లెట్ రంగే" అన్నాడు.

ఇంకా అడిగించుకునేవాణ్ణే గానీ, బయట ట్రాక్టరు ఆగింది. బోరు మోటారు, నలుగురు పడితే గానీ దిగేలా లేదు. కెమెరా పట్టుకున్న మా తమ్ముడు కూడా వెళ్ళాల్సి వచ్చింది, అందుకే ఆ షాట్ మధ్యలో ఆగింది.